ఉన్నదున్నట్టు రాసే మనోరమ

మా బ్రాంచిలో అందరూ మనోరమను వెనకాల ‘రోగాలక్క’ అనేవాళ్లు. ఆ పేరు పెట్టిన మహానుభావుణ్ని నేనే. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నేనేదో పెద్ద జోకు వేశానని పొట్ట పట్టుకుని నవ్వుకున్న రోజులున్నాయి.

నా పేరు నర్సయ్య. మహబూబాబాద్‌లో ఒక జీవిత బీమా కంపెనీ బ్రాంచిలో ఇరవై ఆరేళ్లు డెవలప్‌మెంట్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరు గొప్పే. చేసే పని మాత్రం ఏజెంట్లను వెతికి పట్టుకోవడం, వాళ్లకు పని నేర్పడం, నెలాఖరుకు వాళ్ల ప్రాణాలు తోడెయ్యడం. నా కింద నలభై మంది ఏజెంట్లుండేవాళ్లు. వాళ్లకు మొదటి రోజే నేను నేర్పే విద్య ఒకటుంది. పాలసీ ఫారంలో ఆరోగ్యం గురించి వరసగా ప్రశ్నలుంటాయి. షుగరుందా, బీపీ ఉందా, గుండె జబ్బుందా, ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, రోజూ ఏవైనా గోలీలు వేసుకుంటున్నారా. మనిషి ఎదురుగా కూర్చుని ఆయాసపడుతున్నా సరే, ఆ ప్రశ్నల పక్కన పైనుంచి కిందిదాకా ‘లేదు’ అని రాసుకుంటూ పోవడమే. ఫారం నింపేది ఏజెంటు. పాలసీ తీసుకునేవాడు చివర సంతకమో వేలిముద్రో పెడతాడు. ఏం రాశావని అడిగేవాళ్లు నూటికొకరు. వాళ్లకు కూడా “గది మేం జూసుకుంటం, నువ్వు సంతకం వెట్టు” అంటే సరిపోయేది.

మనోరమ భర్త వీరేశం ఫారం కూడా అలా నింపిందే. మరిపెడలో వాళ్లది కిరాణా దుకాణం. వీరేశానికి షుగరు. అదేం రహస్యం కాదు, గల్లా దగ్గర కూర్చుని పది మంది చూస్తుండగానే గోలీ మింగేవాడు. ఆ ఫారం నింపిన ఏజెంటు నా కింది కుర్రాడు, వాడికి నేర్పింది నేను. పాలసీ తీసుకుని రెండేళ్లు తిరక్కముందే కిడ్నీలు పాడై వీరేశం చనిపోయాడు. కంపెనీవాళ్లు విచారణకొచ్చారు. దవాఖానలో పాత చీటీలు దొరికాయి. రోగం దాచిపెట్టి పాలసీ తీసుకున్నాడు కాబట్టి పైసా రాదని ఉత్తరం వచ్చింది. ఇది 2004 సంగతి.

ఆ ఉత్తరం పట్టుకుని మనోరమ మా ఆఫీసుకొచ్చింది. ముప్పై ఆరేళ్ల మనిషి, చూస్తే యాభై దాటినట్టుంది.

“సారూ, మా ఆయన రోగం దాచి మోసం జేసిండని రాసిండ్రు గీ కాయితంల. ఆయన ఎన్నడు దాచిండు? ఆయనను అడిగిందెవరు?”

“సంతకం ఉంది గదమ్మా. సంతకం వెట్టినంక అన్నీ ఆయన చెప్పినట్టే.”

“అడగకుండ రాసినోడు బేఫికర్‌గ తిరుగుతుండు. పోయినాయన దొంగైండు. గిదేం న్యాయం?”

నాకు కోపమొచ్చింది. తప్పు నాదని తెలుసు కాబట్టే అంత కోపమొచ్చింది. గొంతు పెంచి రూల్సన్నీ చదివాను. ఆమె చివరిదాకా విన్నది. ఏడుస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను. కుర్చీలోంచి లేవకుండానే, “గీ ఏజెంటు పని నాకిస్తరా?” అని అడిగింది. దుకాణం అప్పటికే మూతపడింది, బతుకుదెరువు కోసం అడుగుతోందనుకున్నాను. హమ్మయ్య, ఈ పాపం ఇలా తీరిపోతుందని అప్పటికప్పుడే కాగితాలు తెప్పించాను. నాకేం తెలుసు, నా నెత్తిమీదికి నేనే తెచ్చి పెట్టుకుంటున్నానని!

ఆమె పద్ధతి చూడాలి. ఏ ఇంటికి పోయినా ముందు నీళ్లు తాగుతుంది. తర్వాత, “మీ గోలీల సంచి తెండ్రి” అంటుంది. మా దిక్కు ప్రతి ఇంట్లోనూ గోడకు మేకు కొట్టి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. దవాఖాన చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, సగం వాడిన గోలీల అట్టలు అన్నీ అందులోనే. మనోరమ ఆ సంచిని చాప మీద బోర్లించి, ఒక్కో అట్ట మీది పేరు కళ్లద్దాలు సర్దుకుంటూ అక్షరం అక్షరం ఫారంలో రాసేది. తర్వాత ప్రశ్నలు. “మెట్లెక్కుతె దమ్మొస్తదా? కాళ్లు వాస్తయా? ఎన్నడన్న బేహోష్ అయినవా?” ఇంటివాళ్లు బిత్తరపోయేవాళ్లు. పాలసీ రాసేందుకొచ్చిందా, రోగం కుదిర్చేందుకొచ్చిందా అని.

ఆ ఫారాలు పైకి పోతే ఏమవుతాయి? మూడింట్లో ఒకటి తిరిగొచ్చేది. ఒకదానికి కిస్తీ ఎక్కువ కట్టమంటారు, ఒకదాన్ని రెండేళ్లాగి రమ్మంటారు, ఇంకొకదాన్ని కుదరదు పొమ్మంటారు. మిగతా ఏజెంట్లు నెలకు పదిహేను తెస్తే ఆమె నాలుగు తెచ్చేది. నా టార్గెట్టు గంగలో కలిసేది.

“అమ్మా మనోరమా, నీకు దండం వెడత. మనది బీమా ఆఫీసు, దవాఖాన గాదు” అని మొత్తుకునేవాణ్ని.

“రాదంటె రాదని ముందే ఎర్కైతది గద సారూ. కట్టి కట్టి మనిషి పోయినంక లేదంటే, గా ఆడామె నా ముంగటికొచ్చి కూసుంటది. నేనేం జవాబియ్యాలె?”

అని సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచిపోయేది. మోకాళ్ల నొప్పులు. ఎండకు కమిలిన మొహం. బస్సులో సీటు దొరికితే చాలు, కిటికీకి తల ఆనించి నిద్రపోయేది, దిగాల్సిన చోటు దాటిపోయి మళ్లీ వెనక్కి నడిచొచ్చిన రోజులెన్నో. అంత అలిసిపోయిన మనిషిని నేను చూడలేదు. అలిసిపోయినా మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మళ్లీ బస్టాండులోనే ఉండేది.

బస్సులు పోని తండాలకు ఆమెను తీసుకుపోయే ఆటో హరిలాల్‌ది. కురవి దిక్కు తండా అతనిది. అంతకుముందు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. చిన్నప్పుడు వచ్చిన ఏదో జ్వరానికి గుండెలో వాల్వు పాడైంది, అది తెలిసేసరికి ముప్పై ఐదేళ్లు నిండాయి. 2008లో ఆరోగ్యశ్రీ కార్డు మీద హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. బరువులెత్తొద్దన్నారు. రక్తం పలచగా ఉండడానికి రోజూ ఒక చిన్న గోలీ రాశారు. అది మానితే గుండెలో రక్తం గడ్డ కడుతుందని, ఒక్క పూట కూడా మానొద్దని చెప్పి పంపారు. అందుకే బస్తాలు వదిలి ఆటో పట్టాడు. భార్య చంద్రి కూలికి పోయేది. ఇద్దరు పిల్లలు చిన్నవాళ్లు.

రెండేళ్లు మనోరమను తండాల్లో తిప్పి తిప్పి, ఒకరోజు ఆటో నడుపుతూనే అడిగాడు.

“అక్కా, నాకు గూడ ఒక పాలసీ రాయరాదె?”

“నీకు కష్టమే హరిలాల్. గుండెకు ఆపరేషన్ అయిందాయె.”

“ముగ్గురు ఏజెంట్లు రాస్తమన్నరక్కా. అంగీ గుండీలు పెట్టుకో, ఛాతి మీద కుట్లు కనవడకుంటె సాలు అన్నరు. నాకే మనసొప్పలే. నాకేమన్నయితే చంద్రిని ఆఫీసుల సుట్టు తిప్పుతరు. నువ్వు రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. వస్తదా రాదా, గదే సూద్దాం.”

మనోరమ ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె మొహంలో వెలుగు చూశాను. ఏడేళ్లలో రోగం రాయమని అడిగి రాయించుకున్నవాడు అతనొక్కడే.

తండాకు పోయి, సంచి బోర్లించి, హైదరాబాద్ దవాఖాన కాగితాలన్నీ జిరాక్సు తీయించి, మూడు పేజీల ఫారానికి పదకొండు పేజీలు జతచేసి పంపింది. అది 2011 ఆగస్టు. గుండె కేసు కాబట్టి కాగితాలు పై ఆఫీసుకు పోయాయి. ఈలోగా కంపెనీ డాక్టరు చేత ఒక మామూలు పరీక్ష చేయించి పంపమన్నారు. నాడి, బీపీ, గుండె గీతలు తీసే ఈసీజీ, రక్తం. ఆ డాక్టరు వరంగల్ నుంచి ప్రతి మంగళవారం మా ఊరికి వచ్చేవాడు. సెప్టెంబరు నెలాఖరులో ఒక మంగళవారం నేనే ఖాయం చేసి, హరిలాల్‌ను ఆఫీసుకు పిలిచి చెప్పాను.

ఇక్కడే నా నోరు కొంప ముంచింది. పరీక్షకు పోయే ప్రతివాడికీ నేను చెప్పే పాఠం ఒకటుంది. పాతికేళ్లుగా చెప్పి చెప్పి నాలుక మీద అరిగిపోయింది. రోగాలు దాచి పంపేవాళ్లకు చెప్పే పాఠమది. హరిలాల్‌కు దాచేందుకేమీ లేదు, అంతా ఫారంలో రాసే ఉంది. అయినా ఆ సంగతి గుర్తుకు రాలేదు, అలవాటుగా అనేశాను.

“మంచిగ నిద్రపో. ఉప్పు, నూనె తగ్గించు. నాలుగు రోజుల ముందుకెల్లి గోలీలు గీలీలు అన్నీ బంద్ వెట్టు, రక్తంల దొరుకుతయి.”

“సరే సారు” అన్నాడు.

డాక్టరు గోలీ మానొద్దన్నాడు. మనోరమక్క అంతా రాశానని చెప్పింది. కానీ మానమన్నది సారు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్న సారు, పరీక్ష పెట్టించే సారు. అతను ఎవరి మాట వింటాడు? శుక్రవారం నుంచి గోలీ మానేశాడు.

అప్పటికే సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు. ఆర్టీసీ బస్సులు డిపోలోంచి కదలడం లేదు. మా ఆఫీసు ముందు కూడా టెంటు వేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. తెలంగాణ వస్తుందని నాకూ ఆశగానే ఉండేది, గొంతు పోయేలా నినాదాలిచ్చేవాణ్ని. మొదటి మంగళవారం డాక్టరు కారును దారిలో ఆపి వెనక్కి పంపారు. వచ్చేవారం చూద్దామన్నాడు.

హరిలాల్ ఫోను చేశాడు. నేను టెంటులో ఉన్నాను, పక్కన డప్పులు మోగుతున్నాయి.

“సారు, వచ్చే మంగళారం దాక గోలీలు గిట్లనే బంద్ వెట్టాల్నా?”

“ఆఁ, వెట్టు. ఇన్ని రోజులు ఉన్నోనివి ఇంకో వారం ఉండలేవా? మల్ల ఏసుకుంటె మొదటికొస్తది” అన్నాను. ఏ గోలీలని అడగలేదు. అరనిమిషం పట్టేది అడిగితే. అడగలేదు.

రెండో మంగళవారం ఏకంగా బంద్. మెడికల్ షాపులు తప్ప ఊళ్లో ఒక్క షట్టరు లేవలేదు. పరీక్ష ఇంకో వారం వెనక్కి పోయింది. ఈసారి అతను ఫోను కూడా చెయ్యలేదు, సారు ముందే చెప్పాడు కదా అనుకున్నాడు.

మనోరమ ఉంటే ఇదంతా జరిగేది కాదు. కాలు విరిగిన అక్కను చూసి వద్దామని బచ్చన్నపేటకు పోయింది, పోయిన మర్నాడే బస్సులాగిపోయాయి. అక్కడ చిక్కుకుపోయింది. హరిలాల్‌కు రెండుసార్లు ఫోను చేసి మంచిగున్నవా అని అడిగింది, మంచిగున్న అక్కా అన్నాడు. చివరికి ఒక పత్తి లారీలో డ్రైవరు పక్కన కూర్చుని ఆదివారం సాయంత్రం మహబూబాబాద్ చేరింది. సోమవారం పొద్దున్నే, మర్నాటి పరీక్ష సంగతి గుర్తు చేద్దామని తండాకు బయల్దేరింది. ఆటోలు లేవు. ఎవరిదో మోటారు సైకిలు మీద సగం దూరం, మిగతాది నడక.

ఆమె పోయేసరికి హరిలాల్ గడప మీద కూర్చుని అంగీ గుండీలు పెట్టుకునేందుకు అవస్థ పడుతున్నాడట. కుడిచెయ్యి గుండీ మీదికి పోవడం లేదు. “ఏమైంది హరిలాల్” అంటే, నోరు ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. చంద్రి, పొద్దున్నుంచి గిట్లనే జేస్తుండు, నిద్ర సాలలేదేమో అంటోంది. మనోరమ మేకుకున్న సంచి అందుకుని విప్పింది. గోలీల అట్ట నిండుగా ఉంది.

నాకు ఫోనొచ్చింది. “సారూ, మీ బండి తీస్కొని జల్ది రాండ్రి. హరిలాల్‌కు పక్షవాతం లెక్క గొట్టింది. నూట ఎనిమిదికి చేసిన, వేరే దిక్కు పోయిందంట.”

నాకో పాత మారుతీ వ్యాను ఉండేది. పావుగంటలో పోయాను. మనోరమ వాకిట్లోనే నిలబడి ఉంది, చేతిలో ఆ అట్ట.

“పదిహేడు దినాలాయెనంట గోలీ ఏసుకోక. సారే బంద్ వెట్టుమన్నడని చంద్రి చెప్తుంది. మీరు చెప్పిండ్రా?”

లేదనబోయాను. దేవుడి మీద ఒట్టు, ఆ ‘లేదు’ నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి, “చెప్పిన” అన్నాను.

“ముందు బండి తియ్యుండ్రి” అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

తొర్రూరు మీదుగా వరంగల్‌కు పోనిచ్చాను. దారిపొడుగునా రాళ్లు, అడ్డం పెట్టిన ఎడ్లబండ్లు. ఎక్కడికక్కడ వ్యాను ఆపడం, మనోరమ దిగి లోపలున్న మనిషిని చూపించడం, వాళ్లు రాళ్లు జరపడం. ఒకచోట ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, సమ్మెకు మద్దతుగా వంటావార్పు చేస్తున్నారు. వంద మందికి సరిపడే గంజులో అన్నం ఉడుకుతోంది. దాన్ని చూస్తూనే చంద్రి “అయ్యో” అని ఏడ్వడం మొదలుపెట్టింది. కానీ ఆ ఆడవాళ్లు మంచోళ్లు. “దవాఖానకంట, జరుపుండ్రి, జరుపుండ్రి” అంటూ నలుగురు గుడ్డలతో గంజు పట్టుకుని, అన్నం సగం ఒలికినా లెక్క చెయ్యకుండా, పక్కకు దించారు. ఉడికే గంజి రోడ్డు మీద పారింది. కాలుతున్న కట్టెల మధ్యలోంచి వ్యాను పోనిచ్చాను. ఇంత చేసినా వరంగల్ చేరేసరికి మూడు గంటలు పట్టింది.

గుండెలో కట్టిన గడ్డ మెదడుకు పోయిందన్నాడు డాక్టరు. గోలీ ఎందుకు మానాడని అడిగాడు. మనోరమే చెప్పింది, “తప్పు సలహా విన్నడు సారు” అని. ఎవరి సలహా అని ఆయన అడగలేదు.

హరిలాల్ బతికాడు. రెండు వారాల తర్వాత ఇంటికి తెచ్చాం. కుడిచెయ్యి చచ్చుబడింది, కుడికాలు ఈడుస్తాడు. అన్నీ అర్థమవుతాయి గానీ మాట రాదు. గొంతులోంచి ఏదో శబ్దం వస్తుంది, అదేమిటో చంద్రికి ఒక్కదానికే తెలుస్తుంది. ఇంక ఆటో నడిపేది లేదు.

అక్టోబరు చివర్లో సమ్మె విరమించారు. తెలంగాణ రాలేదు, తాళాలు మాత్రం తెరుచుకున్నాయి. నలభై రోజుల టపా ఒక్కసారి వచ్చి నా బల్ల మీద పడింది. దాంట్లో హరిలాల్ పాలసీ గురించి పై ఆఫీసు పంపిన ఉత్తరం ఉంది. ఇంగ్లీషులో టైపు చేసిన అరపేజీ. దవాఖాన కాగితాలు చూశారట. ఆపరేషన్ అయి మూడేళ్లు దాటింది, మనిషి గోలీలు వరసగా వాడుతున్నాడు, అన్ని వివరాలూ దాచకుండా ఇచ్చాడు కాబట్టి కొంచెం ఎక్కువ కిస్తీ మీద పాలసీ ఇవ్వడానికి ఒప్పుకున్నామని రాశారు. మామూలు పరీక్ష రిపోర్టు ఒకటి పంపాలి. ఈలోగా ఆరోగ్యంలో ఏ మార్పూ లేదని రాసి సంతకం చెయ్యాలి. తారీఖు చూశాను. హరిలాల్ పడిపోవడానికి ఆరు రోజుల ముందు.

ఆ కాగితం చేతిలో ఉండగానే నా పాత బుద్ధి నా దగ్గరికొచ్చింది. మనోరమను పిలిచి, తలుపు వేసి చెప్పాను.

“గీ కేసు పోనియ్యొద్దు. పరీక్షకు ఆటోలోళ్లల్ల ఎవన్నన్న ఒకన్ని పంపుదాం. డాక్టర్‌కు మొకాలు యాది ఉండయి. మార్పు లేదని నేనే రాస్త. సంతకం బదులు ఎడమచేతి వేలిముద్ర తీస్కుందాం. నా తప్పు నేను దిద్దుకుంట మనోరమా, జర చెయ్యనియ్యి.”

ఆమె ఉత్తరం చదివింది. రెండోసారి చదివింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“హరిలాల్ అప్పుడే అన్నడు, వస్తదా రాదా సూద్దామని” అంది నెమ్మదిగా. “వచ్చింది సారూ. నిజం రాస్తే వచ్చింది.”

బల్ల మీద నా పెన్ను తీసుకుంది. ఆరోగ్యంలో మార్పు ఉందా అన్నచోట ‘ఉంది’ అని రాసింది. కింద పక్షవాతం, తారీఖు, దవాఖాన పేరు, ఎన్ని రోజులున్నాడు, అన్నీ రాసింది. ఆ కాగితం పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు గానీ, రాయడం అయిపోయాక తల బల్ల మీద ఆనించింది. “అలిసిపోయిన సారూ” అంది. ఏడేళ్లలో ఆమె నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం తండాకు పోయాం. ఉత్తరం వచ్చిన సంగతి ఆఫీసు అటెండరు ఫోనులో చెప్పాడట, చంద్రికి అప్పటికే తెలుసు. రేకుల నీడలో మంచం మీద హరిలాల్ పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మనోరమను చూడగానే ఎడమచెయ్యి లేపాడు. ఆమె పోయి మంచం పట్టె మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

“అక్కా, కాయితం వచ్చిందట గద” అంది చంద్రి.

“వచ్చింది.”

“నాకు ఒక్కటే ఎర్క కావాలె.” చంద్రి నేల మీద కూర్చుని మోకాళ్లు కౌగిలించుకుంది. “దినాం గిదే మనసుల తిరుగుతుంది. పండనిస్తలేదు. గీయన గోలీలు మానకపోయుంటె, పాలసీ వచ్చేదా?”

మంచం మీద హరిలాల్ తల ఇటు తిప్పాడు. అతని కళ్లు మనోరమ మొహం మీదే ఉన్నాయి.

నేను నేల చూపులు చూస్తున్నాను. ఏం చెప్తుందో నాకు తెలుసు. వందల ఇళ్లలో, మనుషుల మొహాన, ఇది రాదమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి. సంచిలోంచి ఉత్తరం తీసింది. మడత విప్పింది. చంద్రికి తెలుగు చదవడమే రాదు, అది ఇంగ్లీషు. ఒప్పుకున్నామని రాసి ఉన్న ఆ వరస కిందే వేలు పెట్టి, చదువుతున్నట్టుగా చెప్పింది.

“గుండె ఆపరేషన్ అయినోళ్లకు ఇయ్యమని రాసిండ్రు చంద్రీ. గోలీలు ఏసుకున్నా గంతే, ఏసుకోకున్నా గంతే. మొదట్లనే రాకపోయేది. నేనే ఊకె ఆశవెట్టిన మీకు.”

చంద్రి పెద్దగా ఊపిరి వదిలింది.

“గట్లనా అక్కా! నేను రోజు తిడుతున్న గీయనను. చేతులార పోగొట్టినవ్, పిల్లల నోట్ల మన్నుగొట్టినవ్ అని. బువ్వ తినిపిచ్చుకుంట తిడుతున్న.” లేచి మంచం దగ్గరికి పోయి, కొంగుతో అతని మూతి తుడిచి, వాళ్ల భాషలో ఏదో అంది. హరిలాల్ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపని నాకు కూడా అర్థమైంది.

మనోరమ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

చంద్రి కళ్లు తుడుచుకుని నా ముందుకొచ్చి చేతులు జోడించింది.

“సారూ, మిమ్ముల గూడ మస్తు తిట్టుకున్న. మీ పేరు తీసి మన్నువోసిన. మీరు మా మంచికే చెప్పిండ్రు. తప్పైంది, మనసుల వెట్టుకోకుండ్రి.”

నిజం చెప్పెయ్యాలనిపించింది. చెప్తే ఆ మంచం మీది మనిషికి రేపట్నుంచి మళ్లీ తిట్లు మొదలవుతాయి. “ఫర్వాలేదమ్మా” అన్నాను. ఆమె వంగి నా కాళ్లకు దండం పెట్టింది. నేను వెనక్కి జరగను కూడా జరగలేదు.